పండగ సామాను పాడవకుండా దాచుకోవడం ఎలా? విశాఖ ఉప్పుగాలిలో ఉండేవాళ్ల కోసం

పెద్దవాల్తేరులో మా ఇంటి నుంచి సముద్రం కనిపించదు గానీ దాని గాలి మాత్రం మాతోనే కాపురం ఉంటుంది. గేటు గొళ్లెం, కిటికీ ఊచలు, గ్యాస్ పొయ్యి కాళ్లు, దేన్నీ వదలదు. ఇక అటక మీద అట్టపెట్టెలో పడేసిన పండగ సామాను గురించి చెప్పేదేముంది? చవితికి పెట్టె దించితే సీరియల్ సెట్టు వెలగదు, పాలవెల్లికి బూజు, ఇత్తడి కుందులకు పచ్చటి చిలుము. ఏటా మళ్లీ పూర్ణా మార్కెట్‌కి పరుగు.

హైదరాబాదులో ఉండే మా వదిన "దుమ్ము పడకుండా గట్టిగా మూత పెట్టేస్తే సరిపోతుంది కదా" అంటుంది. అక్కడ సరిపోతుంది. ఇక్కడ లోపల చెమ్మ ఉండగా మూత బిగించామంటే బూజుకు మనమే ఇల్లు కట్టి ఇచ్చినట్టు. అందుకే విశాఖలో మొదట తేల్చుకోవాల్సింది ఏ పెట్టెలో పెట్టాలన్నది కాదు, ఎప్పుడు పెట్టాలన్నది.

మొదటి పని: రెండు విడతలుగా సర్దడం

మన పెద్ద పండగల్లో చాలావరకు వానల్లోనే వస్తాయి. వరలక్ష్మీ వ్రతం, చవితి నైరుతి రుతుపవనాల్లో పడతాయి. దసరా, దీపావళి వచ్చేసరికి తుపాన్ల కాలం. ఆ రోజుల్లో ఎంత తుడిచినా గుడ్డకీ కర్రకీ చెమ్మ పోదు. చేత్తో పట్టుకుంటే పొడిగానే అనిపిస్తుంది, నెల తిరిగేసరికి ముక్కవాసన వస్తుంది.

కాబట్టి పండగ అయిన మర్నాడు చేయాల్సింది సగం పనే. శుభ్రం చేసి, ఆరబెట్టి, గాలి ఆడే వెదురు బుట్టలోనో చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టలోనో పెట్టి, పైన పలచటి నూలుగుడ్డ కప్పి, గదిలో ఒక మూల ఉంచండి. అసలు మూత బిగించేది ముక్కనుమ దాటాక. జనవరి ద్వితీయార్ధం, ఫిబ్రవరి మనకు వానలు తక్కువగా ఉండే రోజులు. ఎండ ఉంటుంది, మరీ మాడ్చదు. క్రిస్మస్ సామాను, సంక్రాంతి కొలువు కూడా అప్పటికే దిగుతాయి. ఒక ఆదివారం పెట్టుకుంటే ఏడాది సరంజామా అంతా ఒక్కసారే సర్దేయొచ్చు.

నాలుగైదు నెలలు బుట్టలు ఇంట్లో కనిపిస్తూ ఉంటే కాస్త చికాకే. నాకూ ఉండేది. కానీ ఇలా మొదలుపెట్టాక బూజు పట్టిందని పారేసిన వస్తువు ఒక్కటీ లేదు.

రెండో పని: విప్పే ముందు ఫోటో

కొలువు మెట్లు, మండపం, వాకిట్లో దీపాల వరస దేన్నైనా విప్పకముందే ఫోన్లో రెండు ఫోటోలు తీయండి, ఒకటి ఎదురుగా, ఒకటి పక్క నుంచి. వచ్చే ఏడు ఏ బొమ్మ ఏ మెట్టు మీద ఉండేదో ఇంట్లో వాదన ఉండదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు వైరు ఎటు నుంచి లాగామో కూడా అందులోనే దొరుకుతుంది.

బొమ్మల కొలువు: తొందరపడకూడని చోటు

కొలువు బొమ్మలన్నీ ఒకే జాతివి కావు. వాటన్నిటికీ ఒకే వైద్యం చేయబోయి చాలామంది పాడుచేసుకుంటారు.

ఏటికొప్పాక బొమ్మల సంగతి ముందు. వరాహ నది ఒడ్డున, మనకు దగ్గర్లోనే, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది ఆ ఊరు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2025 గణతంత్ర దినోత్సవానికి మన రాష్ట్రం శకటంగా ఢిల్లీ కూడా వెళ్లాయి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను దానికి అదిమిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. దీన్ని గుర్తుపెట్టుకుంటే ఏం చేయకూడదో అదే తెలుస్తుంది. వేడికి అతుక్కున్నది వేడికే మెత్తబడుతుంది కాబట్టి స్లాబు కింద ఎండాకాలం మగ్గే అటక వీటికి పనికిరాదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి శానిటైజర్‌తోనో అద్దాలు తుడిచే ద్రవాలతోనో తుడవకూడదు. తడి నిలిస్తే మెరుపు పోయి తెల్లబారుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్ని నూలుగుడ్డలో చుట్టి, బీరువాలో కింది అరలో పెట్టండి.

కొండపల్లి బొమ్మలది ఇంకో కథ. తెల్లపొణికి కర్ర దూదిలా తేలిక. చేతులు, తలపాగాలు, ఎద్దుల కొమ్ములు విడిగా చెక్కి, చింతగింజల పిండి కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ పిండి చెమ్మకు నానుతుంది, పురుగును పిలుస్తుంది. తడిగుడ్డ అసలు తగలకూడదు. పాత మేకప్ కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా ఒకే వరసలో పడుకోబెట్టాలి.

మట్టిబొమ్మల దగ్గర నేను నేర్చుకున్నది హుద్‌హుద్ నేర్పింది. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను మన ఊరి మీదే తీరం దాటింది. మా పడకగది కిటికీ అద్దం పగిలి వాన లోపలికి కొట్టింది. మంచం కింద అట్టపెట్టెలో అమ్మమ్మ ఇచ్చిన మట్టిబొమ్మలు, దినపత్రికల్లో చుట్టి ఉన్నాయి. రెండు రోజులకు విప్పితే పెట్టె అడుగు చేతిలోకి ఊడొచ్చింది. పెళ్లికొడుకు బొమ్మ నడుము దాకా ముద్ద. పెళ్లికూతురు మిగిలింది గానీ కాగితం ముఖానికి అంటుకుపోయి, మెల్లగా లాగితే ఎడమ చెంప మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి అచ్చయ్యాయి. ఇప్పటికీ ఉన్నాయి, వెలుతురులో పెడితే "ధరలు" అనే మాట చదవొచ్చు.

అప్పటి నుంచి మా ఇంట్లో మూడు కట్టుబాట్లు. మొదటిది, బొమ్మకు దినపత్రిక తగలకూడదు, సిరా అంటుతుంది, కాగితం తినే పురుగులూ చేరతాయి. రెండోది, ప్లాస్టిక్ కవరు గానీ బుడగల షీటు గానీ రంగుకు నేరుగా ఆనకూడదు, వేసవి వేడికి పెయింటుకు అతుక్కుంటుంది. పాత నూలు చీరలు, పంచెలు ఉతికి గంజి లేకుండా ఆరబెట్టి, ముక్కలు చేసి వాడండి. గంజి ఉంటే మళ్లీ పురుగు. బుడగల షీటు కావాలంటే ఆ గుడ్డ మీద చుట్టుకోవచ్చు. మూడోది, ఏ పెట్టె అయినా నేలకు జానెడు ఎత్తున ఉండాలి, కిటికీ కింద ఉండకూడదు.

వెండి, ఇత్తడి

వరలక్ష్మీ అమ్మవారి వెండి ముఖం నల్లబడేది గంధకం వల్ల. రబ్బరు బ్యాండ్లలో అది ఉంటుంది. కాబట్టి ముఖానికి గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేసే అలవాటు ఉంటే మానేయండి, నూలుదారం కట్టండి. విభూతితో మెల్లగా రుద్ది, కడిగి, పూర్తిగా ఆరాక నూలుగుడ్డలో చుట్టి, జిప్ కవరులో గాలి వత్తేసి మూయాలి. కవరులో ఒక సుద్దముక్క వేస్తే కొంత చెమ్మ పీల్చుకుంటుంది. పళ్లపేస్టుతో తోమితే తళతళలాడుతుంది గానీ సన్నటి గీతలు పడతాయి. ముఖం మీది ముక్కుపుడక చెక్కడం అరిగిపోవడానికి అదే కారణం.

ఇత్తడికి చింతపండు మంచిదే. తేడా వచ్చేది కడగడంలో. కుంది మెడ దగ్గరి వంపుల్లో పులుపు మిగిలిపోతే మూడో రోజుకు అక్కడే చిలుము పడుతుంది. రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, వెంటనే తుడిచి, గంటసేపు ఎండలో ఉంచి, వేడి చల్లారాకే చుట్టండి. ఒత్తి మసి, నూనె జిడ్డు ఉంటే చింతపండు కంటే ముందు కుంకుడు రసం కలిపిన గోరువెచ్చని నీళ్లు.

దీపాల తీగలు

దించిన రోజే ఒకసారి వెలిగించి చూడండి. వెలగనిదాన్ని "తర్వాత బాగుచేయిద్దాం" అని దాచొద్దు, అది ఎప్పటికీ తర్వాతే. పాత రకం చిన్న బల్బుల సెట్టులో బల్బులన్నీ వరసగా ఒకే దారిలో ఉంటాయి, ఒకటి ఆగితే ఆ వరస అంతా ఆగుతుంది. చాలాసార్లు దోషం బల్బుది కాదు, కుదురులో రాగితీగకు పట్టిన చిలుముది. ప్లగ్గు తీసేశాక మాత్రమే బల్బు ఊడదీసి, పొడి గుడ్డతో ఆ తీగను తుడిచి పెడితే వెలిగినా వెలుగుతుంది. తీగ పైతొడుగు చిట్లి ఉంటే మాత్రం మోహపడకుండా పారేయండి.

చుట్టడానికి జానెడు వెడల్పు అట్టముక్క తీసుకుని రెండు వైపులా గాటు పెట్టండి. ప్లగ్గు ఒక గాటులో బిగించి, తీగను వదులుగా చుట్టి, చివర రెండో గాటులో దూర్చండి. అట్ట మీదే రాయండి: "బాల్కనీ, పసుపు, బాగుంది, జనవరి". మోచేతికి చుట్టి ముడేసే పద్ధతిలో తీగ మెలిపడి లోపల తెగుతుంది. బ్యాటరీతో వెలిగే దీపాల్లోంచి సెల్లులు తప్పకుండా తీసేయండి. అవి కారితే దీపం ఇక పనికిరాదు.

పాలవెల్లి, దండలు, నక్షత్రాలు

పాలవెల్లిని అటక ఎక్కించొద్దు. తడిగుడ్డతో పసుపు, కుంకుమ తుడిచి, పళ్లు కట్టిన దారాలన్నీ కత్తిరించేయండి, తీపి అంటిన ఆ దారాల కోసమే చీమలు వస్తాయి. రెండు రోజులు నీడన ఆరబెట్టి, గోడకు మేకు కొట్టి తగిలించి, పైన పాత దిండు గలీబు తొడిగితే ఏడాదంతా గాలి ఆడుతుంది.

ప్లాస్టిక్ బంతిపూల దండల్ని షాంపూ నీళ్లలో ముంచి తీసి నీడనే ఆరబెట్టాలి, ఎండకు రంగు వెలుస్తుంది. తర్వాత హ్యాంగరుకు వేలాడదీస్తే రేకులు నలగవు.

థర్మోకోల్ మండపం దాచేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక ఏడు దాని పక్కన కలరా ఉండలు నాలుగు వేశాను. చవితికి తీస్తే ఉండలు ఆనిన చోటల్లా గుంటలు, అంచులు జిగురుగా. నాఫ్తలిన్ ఆవిరి థర్మోకోల్‌ను మెత్తబరుస్తుందని అప్పుడు తెలిసింది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు అసలే మంచివి కావు. నీడన ఎండబెట్టిన వేపాకు, నలిపితే గలగలలాడేంత ఎండినది, నూలు మూటలో కట్టి వేయండి.

క్రిస్మస్ సామాను దాచడం మా పక్కింటి ఆంటీ దగ్గర చూసి నేర్చుకోవాలి. కాగితపు నక్షత్రాన్ని బల్బు తీసేసి, వచ్చిన మడతల మీదే మడిచి, రెండు అట్టల మధ్య పెట్టి పురికొసతో కడతారు. చెట్టుకు వేలాడే గాజు గోళాల నుంచి ఇనుప కొక్కేలు తీసి విడిగా చిన్న డబ్బాలో వేస్తారు. ఈ గాలికి కొక్కెం తుప్పు పడితే ఆ మరక గోళానికి అంటుతుంది. గోళాలు ముప్ఫై గుడ్లు పట్టే కొత్త ట్రేలో కూర్చుంటాయి. గుడ్లు పెట్టిన ట్రే అయితే బొద్దింకలు వస్తాయి. క్రీస్తు పుట్టుకను చూపే పశువుల పాకలోని ఎండుగడ్డి దాచరు, ఏటా కొత్తదే.

ప్రమిదలకు వేడినీళ్లు, ఎండ చాలు. నూనె వాసన మిగిలితే ఎలుక వస్తుంది.

మిగిలిన దీపావళి మందుగుండు మాత్రం ఏ పెట్టెలోనూ వద్దు. అటక మీద గుడ్డలు, కాగితాల మధ్య అది నిప్పుతో సమానం. కాల్చనివాటిని బకెట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి వదిలించుకోండి.

పెట్టెలు, అటక

అట్టపెట్టె చెమ్మను పీల్చి లోపలికి అందిస్తుంది. ఎత్తు తక్కువ ఉన్న, మూత క్లిప్పులతో బిగిసే, లోపల ఉన్నది కనిపించే ప్లాస్టిక్ పెట్టెలు మేలు. పాత ట్రంకు పెట్టె ఉంటే లోపల తుప్పు గోకి, రంగు వేయించి, అడుగున గుడ్డ పరిచి వాడుకోవచ్చు. స్టూలు మీద నిలబడి మీ ఇంట్లో పెద్దవాళ్లు కూడా రెండు చేతులతో దించగలిగేంత బరువే నింపండి.

బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా కొత్తగా ఉన్నప్పుడే డబ్బాలో మూసి ఉంచుకుంటే ఇక్కడ అక్కరకొస్తాయి, పెట్టెకు నాలుగైదు. నీలం గుళికల రకమైతే అవి గులాబీ రంగుకు తిరిగితే చెమ్మతో నిండాయని గుర్తు, మార్చేయండి. వంట మూకుడులో వేయించి మళ్లీ వాడే పని చేయొద్దు. బియ్యం మూట పెట్టేవాళ్లున్నారు, దానికి పురుగు పడుతుంది.

చీటీ పెట్టె పైన అంటించకండి, చెమ్మకు ఊడిపోతుంది. కాగితం మీద పెన్సిల్‌తో రాసి లోపలి నుంచి బయటికి కనిపించేలా నిలబెట్టండి. "దసరా" అని ఒక్క మాట సరిపోదు, లోపల ఏమున్నాయో, ఏవి కొనాలో కూడా రాయండి: "తోరణాలు 3, మామిడాకుల ప్లాస్టిక్ దండ తెగింది, కొత్తది తేవాలి."

అటక మీద బయటి గోడకు రెండు వేళ్ల ఎడం ఇచ్చి, కింద చెక్కపలక వేసి పెట్టెలు పేర్చండి. స్నానాల గది పైన ఉన్న అటక అయితే వద్దు. ముందుగా వచ్చే పండగ పెట్టె ముందు వరసలో ఉండాలి. జనవరిలో సర్దితే అది ఉగాది, ఆ వెనక వరలక్ష్మీ వ్రతం, చవితి, దసరా, దీపావళి, అన్నిటికీ వెనక క్రిస్మస్.

మధ్యలో ఒకసారి

వానలు దిగకముందు, మే చివర్లో, ఒక ఎండరోజు చూసి మూతలన్నీ పొద్దున తీసి మధ్యాహ్నానికి మూసేయండి. ముక్కవాసన వస్తే ఏదో ఒక గుడ్డలో చెమ్మ మిగిలిందన్నమాట. ఆ పెట్టె మొత్తం ఖాళీ చేసి ఆరబెట్టాల్సిందే. లక్కబొమ్మలు మాత్రం ఎండకు పెట్టకండి.

మా పెళ్లికూతురు బొమ్మ ఇప్పుడు స్టీలు డబ్బాలో, అమ్మమ్మ నేత చీర ముక్కలో ఉంటుంది. సంక్రాంతికి మెట్టు ఎక్కించేటప్పుడు ఎడమ చెంప గోడ వైపు తిప్పుదామని ఒకసారి అనుకున్నాం. మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఇటు తిప్పే పెడుతున్నాం.