పిల్లలకు సైన్స్ వ్యాసం రాయడం ఎలా?

పన్నెండేళ్లు కోర్టులో వాదించి, తర్వాత సైన్స్ విలేకరిగా మారాను. ఇప్పుడు ఎక్కువగా రాసేది పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లల కోసమే. ఈ పనికి దిగేవాళ్లలో చాలామంది "పిల్లలకే కదా" అనుకుని మొదలుపెడతారు. అక్కడే పాడవుతుంది. పెద్దవాళ్లు ఒకచోట తప్పు చదివితే ఇంకోచోట సరిచూసుకోగలరు. పదేళ్ల వయసులో బుర్రలో నాటుకున్న తప్పు డిగ్రీ దాకా వెంట వస్తుంది.

కావలసినవి: నోటుపుస్తకం, ఫోను, మీ వ్యాసం వినడానికి ఒప్పుకునే ఒక పిల్ల లేదా పిల్లవాడు. సొంత పిల్లలు పనికిరారు, మీరేం చెప్పబోతున్నారో వాళ్లకు సగం ముందే తెలిసిపోతుంది. పక్కింటి పిల్లల్ని పిలవండి.

1. ఒక్క ప్రశ్న ఎంచుకోండి. 'అంతరిక్షం' అని మొదలుపెడితే ఎటూ తేలదు. 'వ్యోమగామి ఎందుకు తేలుతున్నట్టు కనిపిస్తాడు?' అన్నది వ్యాసానికి సరిపోయే ప్రశ్న.

2. మూలం చదవండి. పేపర్లో వచ్చిన వార్త మూలం కాదు. "ఫలానా ఆయన చూశాడట" అంటే కోర్టు సాధారణంగా సాక్ష్యంగా తీసుకోదు, చూసినవాడే బోనెక్కి చెప్పాలి. ఇక్కడా అంతే. పరిశోధన పత్రం తెచ్చుకోండి, అర్థం కాకపోతే రాసినవాళ్లకే మెయిల్ పెట్టండి. "ఏం కనిపెట్టారు?" అని అడిగి వదిలేయకండి. "అది నిజమని మీకెలా తెలిసింది?" అని అడగండి. పిల్లలకు చెప్పదగిన కథ ఆ జవాబులోనే ఉంటుంది.

3. సులభం చేయండి, అబద్ధం కానివ్వకండి. అసలు కష్టం ఇక్కడే, తొందరపడొద్దు.

సులభం చేయడమంటే మాటలు తీసేయడం. ఏ మాట తీస్తున్నామన్నదే సమస్య. కలివికోడి సంగతి చూడండి. 1900 తర్వాత ఆ పక్షి ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. దీన్ని పిల్లలకోసం తిరగరాసేవాళ్లు 'అనుకున్నారు' అన్న మాటను ఎగరగొట్టి "అంతరించిపోయిన పక్షి తిరిగొచ్చింది" అని రాస్తారు. చదివిన పిల్లలకు అదొక మాయలా ఉంటుంది. రాత్రిపూట పొదల మధ్య తిరిగే పక్షి మన కంట పడకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. సైన్స్ మొత్తం ఆ తేడా మీదే నడుస్తుంది. ఒక్క క్రియాపదం తీసేసి ఆ తేడాను చెరిపేశాం.

నేనూ ఇలాంటి తప్పే చేశాను. తొలినాళ్లలో ఒక వ్యాసంలో "అంతరిక్షంలో గ్రావిటీ ఉండదు, అందుకే వ్యోమగాములు తేలతారు" అని రాశాను. ఏడో తరగతి అమ్మాయి ఉత్తరం రాసింది: "మరి చంద్రుడు భూమి చుట్టూ ఎందుకు తిరుగుతున్నాడు?" ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఉండేది దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడి గ్రావిటీ నేల మీద ఉన్నదాంట్లో దాదాపు 90 శాతం. అంత ఎత్తయిన మేడ కట్టి, 30 కిలోల పిల్లవాణ్ణి పైన కాటా మీద నిలబెడితే 26, 27 కిలోలు చూపిస్తుంది. తేలడు. మరి వ్యోమగామి? పడుతూనే ఉన్నాడు. డాబా మీంచి రాయి విసిరితే కొంత దూరంలో పడుతుంది, గట్టిగా విసిరితే ఇంకా దూరంలో పడుతుంది. గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగంతో విసిరితే, రాయి కిందికి వంగినంతా భూమి కూడా వంగిపోతుంది. ఎప్పటికీ నేల తగలదు. కేంద్రమూ, అందులోని మనుషులూ కలిసి అలా పడుతున్నారు కాబట్టే తేలుతున్నట్టు ఉంటుంది.

పోలిక చెప్పి ఊరుకుంటే సరిపోదు. అది ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి. నిజంగా డాబా మీంచి విసిరితే ఆ రాయిని గాలి ఆపేస్తుంది, 400 కిలోమీటర్ల పైన గాలి చాలా పలచన. ఈ ఒక్క వాక్యం చేర్చడానికి బద్ధకించే రచయితలను చూస్తే నాకు కోపం వస్తుంది.

నేను పాటించే పద్ధతి మా సీనియర్ నేర్పింది: నీ వాదన రాయకముందు అవతలి లాయరు ఏం అడుగుతాడో రాసుకో. ముందు అన్ని షరతులతో, పొడుగ్గా, నిజమైన రూపం రాయండి. తర్వాత ఒక్కో మాట తీస్తూ పోండి. తీసిన ప్రతిసారీ, ఇప్పుడు పిల్లలు ఏం అడగొచ్చో ఊహించి, ఆ ప్రశ్నకు వాక్యం తట్టుకుంటుందో లేదో చూడండి. తట్టుకోకపోతే ఆ మాట వెనక్కి పెట్టేయాల్సిందే.

4. పని ముందు, పేరు తర్వాత. 'కిరణజన్య సంయోగక్రియ' అని మొదలుపెడితే పిల్లలు పేజీ తిప్పేస్తారు. ఆకు ఎండను వాడుకుని తన తిండి తానే వండుకుంటుందని చెప్పి, అప్పుడు ఆ పేరు చెప్పండి. పేజీకి ఒక్క కొత్త పదమే. 'గ్రావిటీ' అన్నా 'గురుత్వాకర్షణ' అన్నా ఫర్వాలేదు కానీ వ్యాసమంతా ఒకటే ఉండాలి.

తాతయ్య అరుగు మీద కూర్చుంటే మనవలు చుట్టూ చేరి "తాతయ్యా, మరేమో..." అని అడిగే పద్ధతి మానేయండి. అందులో పిల్లల పని ఆశ్చర్యపోవడమే. ఎదురు ప్రశ్న వేయరు, తాతయ్య తప్పు చెప్పినా ఊకొడతారు.

5. చదివి వినిపించండి. చివర్లో "అర్థమైందా?" అని అడగొద్దు. జవాబును నోట్లో పెట్టే ప్రశ్న అది, ఏ పిల్లయినా మొహమాటానికి తలూపుతుంది. "మీ తమ్ముడికి ఇది నువ్వెలా చెప్తావు?" అని అడిగి, మధ్యలో అందివ్వకుండా వినండి. తడబడిన చోట కాగితం మీద పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. మర్నాడు ఆ గీత దగ్గర్నుంచి తిరగరాసి, ఈసారి ఇంకో పిల్లకు వినిపించండి.