చిన్న పట్టణం గతాన్ని వెదికి, రేపటిని అంచనా వేయడం ఎలా?

విశాఖపట్నంలో స్థిరపడినవారిలో చాలామందికి సొంత ఊరు ఏ చోడవరమో, నర్సీపట్నమో, యలమంచిలో అయి ఉంటుంది. పండగకు వెళ్లి వచ్చాక కొందరు ఊరు పాడైపోయిందంటారు, మరికొందరు గుర్తుపట్టలేనంతగా పెరిగిపోయిందంటారు. ఏ మాటకైనా ఆధారం చూపదలచినవారు ముందుగా ఒక్క ప్రశ్నకు జవాబు రాసుకోవాలి: చుట్టుపక్కల పల్లెవాళ్లు ఈ ఊరికి దేనికోసం వచ్చేవారు? సంతకా, తాలూకా కచేరీకా, రిజిస్ట్రేషన్‌కా, రైలెక్కడానికా? ఆ పని మరో ఊరికి తరలిన నాటి నుంచే పట్టణం సన్నగిల్లడం మొదలవుతుంది.

విశాఖ దగ్గరి భీమునిపట్నాన్నే (భీమిలి) తీసుకోండి. పదిహేడో శతాబ్దంలో డచ్చివారు వర్తకానికి దిగిన రేవు అది; 1825లో ఆంగ్లేయుల చేతికి వచ్చింది, 1861లోనే పురపాలక సంఘం అయింది. తరవాత మద్రాసు–కలకత్తా రైలుమార్గం సముద్రపు ఒడ్డున ఉన్న భీమిలిని వదిలి విజయనగరం మీదుగా సాగింది. 1933లో విశాఖ ఓడరేవు తెరుచుకోవడంతో సరుకు అటు మళ్లింది. డచ్చి సమాధులు, దీపస్తంభం ఇప్పటికీ చూడవచ్చు. ఊరివాళ్ల సోమరితనం వల్లనే ఊరు వెనకబడిందనేవారికి ఈ రెండు సంగతులూ చెప్పాలి.

కాగితాల విషయంలో ఓపిక అవసరం. 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజిటీర్, జనాభా లెక్కల జిల్లా పుస్తకాలు తిరగేస్తే ఊరి జనం, వృత్తులు, సంతల సంగతి కొంత దొరుకుతుంది. అయితే అంకెలను పక్కపక్కన పెట్టే ముందు ఎల్లలు చూసుకోవాలి: 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు విడివడ్డాయి. ఇది మరచినవారు లేని పతనాన్నీ, రాని అభివృద్ధినీ కనిపెడతారు. నేనూ ఒకసారి ఆ పొరపాటు చేసి రెండు పేజీలు చింపేశాను. వీలైతే పాత అడంగల్ (ఊరి భూముల రికార్డు) కూడా చూడండి. ఇప్పుడు దుకాణాల వరుస ఉన్న చోట అందులో చెరువు పోరంబోకు (చెరువు కిందున్న ప్రభుత్వ భూమి) అని ఉంటే, వాన పడినప్పుడల్లా ఆ వీధి ఎందుకు మునుగుతోందో వేరే చెప్పనక్కరలేదు.

పెద్దలను కలిసినప్పుడు ‘ఊరి చరిత్ర చెప్పండి తాతగారూ’ అంటే రాజుగారి కథలే వస్తాయి. ‘ఎడ్లబండి ఎక్కడ విప్పేవారు? బాకీ ఎవరి దగ్గర రాసేవారు?’ అని అడగండి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో వర్తకుడితో పాటు దిమ్మలు మోసే కలాసీనీ పలకరించండి. ఏ ఏడు సరుకు తగ్గిందో అతని భుజానికి తెలిసినంతగా పద్దు పుస్తకానికి తెలియదు.

తరవాత మెయిన్ రోడ్డు మీద రెండు రోజులు నడవాలి, సంత రోజొకటి, మామూలు రోజొకటి. ఎరువుల కొట్లు ఎన్ని, మందుల షాపులు ఎన్ని, సెల్‌ఫోన్ రిపేరు దుకాణాలు ఎన్ని, తాళం వేసిన గదులు ఎన్ని అన్నది లెక్క రాసుకోండి. పల్లెలకు ఆఖరి పల్లెవెలుగు బస్సు ఎన్నింటికి బయలుదేరుతుందో కూడా అడగండి. నా దృష్టిలో పట్టణం ఎంతదూరం వరకు పనికొస్తోందో చెప్పే నమ్మకమైన కొలత అదే.

రేపటి గురించి జోస్యం చెప్పకుండా షరతులతో రాయండి. ఏటికొప్పాక పల్లెటూరే అయినా పాఠం పెద్దది: అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, కాని బొమ్మలు చేసే అంకుడు కర్ర దొరకకపోతే, కుర్రవాళ్లు తరిణి (కర్రను తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టకపోతే ఆ గుర్తింపు వల్ల ఒక్క బొమ్మ కూడా తయారు కాదు. మీ ఊరికి అలాంటి ఆధారం ఏమిటో, అది ఏ కారణం చేత తెగవచ్చో రెండు వాక్యాలలో పెట్టండి. జాతీయ రహదారి బైపాస్ వస్తే ఎవరి గల్లాపెట్టె ఖాళీ అవుతుందో, భోగాపురం విమానాశ్రయం వల్ల ఎవరి భూమికి ధర వస్తుందో, ఎవరి కౌలు పోతుందో వేరువేరుగా రాయాలి.

రాత పూర్తయ్యాక మీకు సంగతులు చెప్పిన పెద్దలకే ముందుగా చదివి వినిపించండి. వారు దిద్దినవి దిద్ది, పైన తేదీ వేసి, ఒక ప్రతిని ఊరి శాఖా గ్రంథాలయంలో ఇచ్చి రండి.