కొలువులో గుణం కనిపించే బొమ్మలు: శిబి, హరిశ్చంద్రుడు, శ్రవణ కుమారుణ్ని మట్టితో చేయడం ఎలా?

సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో దశావతారాలు ఉంటాయి, పెళ్లి తంతు ఉంటుంది, కొట్టూ కోమటీ ఉంటారు. త్యాగం, సత్యం, సేవ లాంటి గుణాలు చెప్పే బొమ్మలు మాత్రం బజారులో తేలిగ్గా దొరకవు, చేసుకోవాల్సిందే. చేసేవాళ్లలో చాలామంది ముఖంలో దయ ఉట్టిపడేలా చిరునవ్వు దిద్ది, చేతికి అభయముద్ర పెట్టి ఊరుకుంటారు. అలా చేసిన త్యాగమూర్తికీ సత్యమూర్తికీ తేడా తెలియదు. కింద పేరు చీటీ అంటించక తప్పదు.

గుణం కనిపించేది పనిలో. ఆ పని వల్ల మనిషి ఏదో పోగొట్టుకునే క్షణంలో అయితే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే మట్టి ముట్టుకునే ముందే ఆ క్షణం ఏదో తేల్చుకోవాలి.

1. క్షణం ఎంచుకోండి

శిబి కథ తీసుకుందాం. డేగ తరుముతుంటే పావురం వచ్చి ఒళ్లో వాలింది. దాని ఎత్తు మాంసం ఇస్తానని రాజు తొడ కోసి తక్కెడలో వేశాడు. ఎంత వేసినా పావురం వైపే మొగ్గింది. చివరికి తానే తక్కెడ ఎక్కాడు. ఇందులో బొమ్మకు పనికొచ్చే క్షణాలు మూడు. పావురాన్ని పొదువుకోవడంలో దయ ఉంది కానీ త్యాగం ఇంకా మొదలుకాలేదు. తొడ కోసుకోవడంలో త్యాగం ఉన్నా చూసేవాడి కన్ను కత్తి మీదే ఆగిపోతుంది, పిల్లలు భయపడతారు. తక్కెడ ఎక్కే క్షణంలో ఇచ్చేది మొత్తం ఇచ్చేశాడు. అదే తీసుకోండి.

హరిశ్చంద్రుడికైతే, సొంత బిడ్డ శవంతో వచ్చిన చంద్రమతిని కాటిసుంకం అడిగే ఘడియ. శ్రవణ కుమారుడికి కావడి మోస్తూ నడిచే ఘడియ చాలు, బాణం తగిలే ఘట్టం వద్దు. అక్కడ కథ దశరథుడిదైపోతుంది.

పురాణ పాత్రలే కానక్కర్లేదు. ప్రయాణికుడు మరిచిపోయిన సంచి తిరిగి ఇచ్చే ఆటోడ్రైవరు నిజాయితీకి మంచి బొమ్మ. సంచి బరువుగా, కొత్తగా ఉండాలి. అతని చెప్పులు అరిగి, చొక్కా మోచేతి దగ్గర అతుకు పడి ఉండాలి.

ఒక గుణాన్ని చెప్పడానికి ఎదుటివాళ్ల ఒళ్లు ఎంత పనికొస్తుందో అమరావతి శిల్పులకు తెలుసు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి స్తూపం గుండ్రటి ఫలకంలో, బుద్ధుణ్ని చంపడానికి వదిలిన నలగిరి ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిలో జనం మీద పడుతుంది, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. పై కిటికీల్లోంచి జనం తొంగిచూస్తుంటారు. బుద్ధుడి ముఖంలో ఏ హావభావమూ అక్కర్లేదు, ఆయన శాంతం ఎంతటిదో వంగిన ఏనుగే చెబుతుంది. మీ బొమ్మ పక్కన కూడా ఇలాంటి సాక్షి ఒకటి పెట్టండి. శిబి పక్కన డేగ, హరిశ్చంద్రుడి ఎదుట చంద్రమతి.

2. అరచేతిలో నమూనా

ఒక్కో పాత్రకు 6–8 సెం.మీ. ఎత్తున మూడు చిట్టి నమూనాలు చేయండి. కళ్లూ ముక్కూ పెట్టకండి. చీకటి గదిలో ఫోన్ టార్చి వేసి నీడ గోడమీద పడనివ్వండి. నీడ చూసి ఎనిమిదేళ్ల పిల్లాడు "ఏదో ఎక్కుతున్నాడు", "చెయ్యి చాపాడు", "మోస్తున్నాడు" అనగలగాలి. గుణం పేరు అడగకండి, పని పేరే అడగండి. పని పోల్చుకోలేకపోతే ఎంత రంగు వేసినా ఆ బొమ్మ నిలవదు. చేతులు ఒంటికి అతుక్కుపోవడమే దీనికి ఎక్కువగా కారణం. మొండేనికీ మోచేతికీ మధ్య వెలుతురు దూరేంత సందు ఉంచండి.

3. కొలతలు

శిల్పశాస్త్రంలో దేవతామూర్తికి నవతాళం, అంటే ముఖం పొడవుకు తొమ్మిది రెట్ల ఎత్తు చెబుతారు. కొలువు బొమ్మకు ఆ లెక్క పట్టుకుంటే తల మరీ చిన్నదైపోతుంది. జనం రెండు మీటర్ల దూరం నుంచి చూస్తారు. 20 సెం.మీ. బొమ్మను ఏడు తలల ఎత్తున చేస్తే తల 3 సెం.మీ. కూడా ఉండదు. ఐదు తలల ఎత్తు పెట్టుకుంటే 4 సెం.మీ. వస్తుంది, చూపు ఎటుందో తెలుస్తుంది. అరచేతులు కూడా కాస్త పెద్దవిగా చేయండి, ఈ బొమ్మల్లో మాట్లాడేవి అవే. వరుసలోని బొమ్మలన్నిటికీ ఒకే కొలత ఉండాలి.

4. మట్టి, తీగ

శిబి బొమ్మకు తక్కెడతో కలిపి ఒకటిన్నర కిలో జల్లించిన బంకమట్టి కావాలి. నాలుగు పెద్ద న్యూస్‌పేపర్ కాగితాలు చింపి ఒక రోజు నానబెట్టి, మిక్సీలో గుజ్జు చేసి నీళ్లు పిండేయండి. మూడు పాళ్ల మట్టికి ఒక పాలు గుజ్జు కలిపి, పురుగు పట్టకుండా చెంచాడు మెంతిపిండి వేసి బాగా మర్దించండి. చిటికెన వేలంత తాడు చేసి వేలికి చుట్టినప్పుడు పగుళ్లు రాకపోతే మట్టి సిద్ధమైనట్టే.

వెన్ను, కాళ్లకు 14 గేజ్ జీఐ (జింకు పూత వేసిన ఇనప) తీగ, చేతులకు 18 గేజ్ వాడండి. మామూలు ఇనప తీగైతే తడి మట్టిలో తుప్పు పట్టి, మరక రంగు పైకి తేలుతుంది. తీగకు పాత నూలుగుడ్డ పేలికలు చుట్టి దారంతో బిగించడం మరవకండి. ఆరేటప్పుడు మట్టి కుంచించుకుపోతుంది, తీగ మాత్రం కదలదు. మధ్యలో మెత్తటి గుడ్డ లేకపోతే మట్టి తీగ వెంబడే చీలుతుంది. అడుగున 30×18 సెం.మీ., 12 మి.మీ. ప్లైవుడ్ పెట్టి తీగ కొనలు రంధ్రాల్లోంచి దించి అడుగున మడవండి.

తీగ ఉన్న బొమ్మను ఆవంలో కాల్చకూడదు. కాల్చే బొమ్మ కావాలంటే తీగ లేకుండా, లోపల బోలుగా, గోడ మందం 2 సెం.మీ. దాటకుండా, గాలి పోయేందుకు అడుగున రంధ్రం పెట్టి చేయాలి. పచ్చి మిగిలితే లోపలి నీరు ఆవిరై బొమ్మ పగిలిపోతుంది.

5. ఒంటి బరువు ఎటు?

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

శిబి తక్కెడకు 24 సెం.మీ. నిలువు కర్ర, 20 సెం.మీ. అడ్డకర్ర తీసుకోండి. పావురం ఉన్న పళ్లెం నేలకు ఆని ఉండాలి, రాజు ఎక్కే పళ్లెం 3 సెం.మీ. పైన ఉండాలి. రెండు పళ్లాలు సమంగా పెట్టారంటే కథ పోయినట్టే, ఆయన ఎక్కాల్సిన అవసరమే కనిపించదు. పై పళ్లెంలో ముందే వేసిన మాంసం గుర్తుగా రెండు మూడు చిన్న ఉండలు పెట్టండి, అవి సరిపోలేదని వాటిని చూస్తేనే తెలుస్తుంది. తొడకు గుడ్డ కట్టు, దాని మీద ఒక్క సన్నని ఎర్రగీత చాలు. కిరీటం తీయకండి. పావురం కోసం తక్కెడ ఎక్కేది రాజని అదే చెబుతుంది.

ఒక పాదం పళ్లెంలో, ఒకటి నేలమీద. బరువు రెండు కాళ్ల మీదా సమంగా ఉంటే మెట్లెక్కుతున్నట్టు ఉంటుంది, నేల కాలి మీద ఉంటే తటపటాయిస్తున్నట్టు. నడుము తీగను సెంటీమీటరు మేర పళ్లెం వైపు జరిపి, నేలమీది మడమ పైకి లేపండి. నిర్ణయం అయిపోయిందని ఆ మడమే చెబుతుంది. కాలి తీగ పళ్లెంలోంచి దూరి కింది పలకలోకి దిగాలి. ఆ తీగను కప్పడానికి ఉత్తరీయం అంచు పళ్లెం మీంచి జారినట్టు చేయండి. లేకపోతే బొమ్మ బరువంతా పళ్లెం మీద పడి వారంలో ఒరిగిపోతుంది.

హరిశ్చంద్రుడు ఏడుస్తూ ముఖం కప్పుకుంటే అది దుఃఖం బొమ్మ అవుతుంది. చాపిన చెయ్యి భుజం నుంచి తిన్నగా, అరచెయ్యి పైకి ఉండాలి. ముఖం మాత్రం అవతలికి తిప్పాలి. రెండో చేతిలోని కర్రమీద ఆయన్ని ఒరగనివ్వండి. చంద్రమతి చూపు ఆయన ముఖం మీద కాకుండా ఆ అరచేతి మీద పడాలి.

శ్రవణ కుమారుడి కావడిబద్ద తిన్నగా ఉంటే బుట్టల్లో ఏమీ లేనట్టే. సన్నని వెదురుబద్ద నానబెట్టి, రెండు కొనలూ కిందికి వంగేలా కట్టి ఆరనివ్వండి. బుట్టలు, తల్లిదండ్రులను ఉత్త కాగితపు గుజ్జుతో తేలిగ్గా చేయండి.

6. ఆరబెట్టడం

ఎండలో పెట్టకండి. మొదటి రెండు రోజులు తడిగుడ్డ కప్పి, తర్వాత నీడలో వారం పది రోజులు ఉంచండి. వేళ్లు, చెవులు, పావురం ముక్కు మొండెం కంటే ముందే ఆరతాయి, అందుకే మణికట్టు దగ్గరా మెడ దగ్గరా పగుళ్లు వస్తాయి. ఆ సన్నని భాగాలకు ప్లాస్టిక్ కవరు చుట్టి ఆలస్యం చేయండి. పగులు వస్తే వట్టి తడి మట్టితో పూడ్చకండి, అది ఆరి ఊడిపోతుంది. మట్టి, గుజ్జు సమంగా తీసుకుని ఫెవికాల్ కలిపి నొక్కండి.

7. సుద్ద, రంగు, చూపు

కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్లపొణికి అనే తేలికపాటి కర్ర ముక్కలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన సుద్ద పూసి రంగులేస్తారు. మీ మట్టి బొమ్మకూ సుద్ద పనికొస్తుంది. 50 గ్రాముల చింతగింజల పిండిని అర లీటరు నీళ్లలో ఉడికించి, ఆ జిగురులో సుద్దపొడి కలిపి పల్చగా రెండు పూతలు వేయండి. మందంగా ఒకే పూత వేస్తే పెచ్చులూడుతుంది.

రంగులు ఒక్కో బొమ్మకు మూడుకు మించనివ్వకండి. కన్ను ఎక్కడ పడాలో అక్కడ మాత్రమే మెరిసే రంగు వేయండి. శిబి బొమ్మలో అది తెల్లటి పావురం, అందుకని రాజు పంచె తెలుపు కాకూడదు. హరిశ్చంద్రుడికి బూడిద, గోధుమ రంగులే వేసి అరచేతిని కాస్త లేతగా ఉంచండి.

కళ్లు చివర్లో దిద్దండి. నల్లగుడ్డు చూసేవాడి వైపు పెడితే బొమ్మ ఫొటోకు నిలబడినట్టుంటుంది. శిబి పావురాన్ని చూడాలి, డేగ శిబిని చూడాలి. కంటిపాప చుక్క పెట్టేముందు పెన్సిలుతో గుర్తుపెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగి చూసుకోండి.

కొలువులో శిబిని నడిమెట్టు మీద, పావురం పళ్లెం కాస్త ముందుకు వచ్చేలా ఓరగా పెట్టండి. పండగయ్యాక దాచేటప్పుడు అడ్డకర్ర విడదీసి, బొమ్మను నూలుగుడ్డలో చుట్టి పెట్టెలో నిలబెట్టండి. ప్లాస్టిక్ కవరులో తేమ నిలిచి వానాకాలానికి సుద్ద పొంగుతుంది.