రీడింగ్ కార్నర్‌లో పుస్తకాలున్నా పిల్లలు చదవడం లేదా?

ముందు ఒక్క విషయం చూడండి. బీరువా తాళంచెవి ఎక్కడుంది? హెడ్‌మాస్టర్ గారి టేబుల్ సొరుగులో ఉంటే ఇక కింద రాసినవేవీ పనిచేయవు. చాలా ప్రైమరీ బడుల్లో అసలు సమస్య ఇదే, ఎన్నిసార్లు చెప్పినా దీన్ని వదిలేసి మిగతావన్నీ వెతుకుతారు. పుస్తకం పోతే స్టాకు రిజిస్టర్‌లో ఏం రాయాలన్న టెన్షన్ నాకూ తెలుసు. చిరిగినవి, పోయినవి నెలకోసారి రాసి సంతకం పెట్టించుకోండి. పిల్లల చేతిలో నలిగితే పుస్తకం చిరుగుతుంది. చిరగనివ్వండి.

సమస్య: తాళం లేదు, అయినా ఎవరూ ముట్టుకోరు

పిల్లల పుస్తకాలు పల్చగా, పిన్నులు కొట్టి ఉంటాయి. నిలువుగా పేరిస్తే ఏది ఏదో తెలియదు. కిటికీ ఊచల మధ్య తాడు కట్టి, అట్ట బొమ్మ కనబడేలా వేలాడదీయండి. రెండో తరగతి పిల్లలకు చెయ్యి అందాలి. వారానికోసారి మార్చండి.

సమస్య: తీస్తారు, రెండు నిమిషాల్లో పెట్టేసి "చదివేశా సార్" అంటారు

ఇది పట్టుకోవడానికి నాకు దాదాపు రెండేళ్లు పట్టింది. పిల్లలకు ఆసక్తి లేదనుకుని కొత్త పుస్తకాలు తెప్పించాను, చాపలు వేయించాను, గోడకు రంగులు వేయించాను. ఏమీ మారలేదు. ఒకరోజు నాలుగో తరగతి పాప పక్కన కూర్చుని పైకి చదవమన్నాను. "తాత పొలానికి" వరకు గడగడా వచ్చింది. "వెళ్తున్నాడు" దగ్గర వేలు ఆగింది. బొమ్మ వైపు చూసి "పోతున్నాడు" అని ముందుకెళ్లింది. కింది లైనులో "కృతజ్ఞత" వచ్చేసరికి పుస్తకం మూసేసింది.

గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. అదీ కారణం. బొమ్మలు చూసి కథ ఊహించి చెప్పేస్తారు కాబట్టి మనకు తెలియదు.

ప్రతి పిల్లవాడినీ విడిగా, పక్కన కూర్చోబెట్టుకుని ఒక పేజీ చదివించండి. అందరి ముందూ వద్దు. పేజీలో ఐదారు మాటల దగ్గర ఆగిపోతే ఆ పుస్తకం ఇప్పటికి బరువే. తర్వాత మీరే పుస్తకాలను మూడు గుట్టలు చేయండి: ఒత్తులు దాదాపు లేనివి, 'అక్క', 'పువ్వు' లాంటి ద్విత్వాల వరకు ఉన్నవి, 'చంద్రుడు', 'పుస్తకం' లాంటి సంయుక్తాలు ధారాళంగా ఉన్నవి. ఒక్కో గుట్టకు ఒక్కో రంగు చుక్క అంటించండి. దానిమీద తరగతి అంకె మాత్రం వేయకండి, '1' అని కనబడితే ఐదో తరగతి పిల్లవాడు సిగ్గుతో ముట్టుకోడు.

మొదటి గుట్ట ఎప్పుడూ చిన్నదే అవుతుంది. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు 1 నుంచి 4 లెవెల్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకోవచ్చు. లెవెల్ 1 అని ఉన్నా ఒత్తులు ఉండవన్న హామీ లేదు, మీరొకసారి చదివి చూసుకోండి.

కష్టమైన పుస్తకాలను దాచేయకండి. రోజూ పది నిమిషాలు మీరే చదివి వినిపించండి. విన్న కథ కాబట్టి మర్నాడు ఆ పుస్తకం కోసమే పోటీ పడతారు, ఆగిన మాటను కథే అందిస్తుంది.

అరుదుగా

పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదువుతుంటే కళ్లు పరీక్ష చేయించండి. చెదలు పడితే బీరువాను గోడకు అడుగు దూరం జరపండి.