రోహిణి కార్తె రాకముందే: చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఎండాకాలం జాగ్రత్తలు

మా పెద్దమ్మాయి ఏప్రిల్ నెలాఖర్లో పుట్టింది. నా పుట్టిల్లు కొత్తగూడెం వైపు, పైన సిమెంటు రేకులు. పదో రోజు మధ్యాహ్నం పిల్ల ఒళ్ళు కాలిపోతోంది. పాలకు లేపితే రెండు గుటకలు వేసి మళ్ళీ నిద్రలోకి జారుకుంటోంది. చూడటానికొచ్చినవాళ్ళు "ఎంత బుద్ధిమంతురాలో, ఏడుపన్నదే లేదు" అని మెచ్చుకుని వెళ్ళారు. గుడ్డ మారుస్తుంటే దాని మీద ఇటుకపొడి అద్దినట్టు ఎర్రటి మరక. పొద్దుటి నుంచి తడిసిన గుడ్డ అదొక్కటే అని అప్పుడు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో తూస్తే, పుట్టినప్పటి బరువులో పదో వంతుకు పైనే తగ్గింది. ఒంట్లో నీరు తగ్గి రక్తంలో ఉప్పు పెరిగిందన్నారు. మూడు రోజులు ఉంచుకుని పంపారు.

ఇంటికి వచ్చే రోజు డాక్టరమ్మ నన్ను రెండే అడిగారు. పిల్లను రోజుకు ఎన్నిసార్లు లేపి పాలిస్తున్నావు? నువ్వు ఎన్ని నీళ్ళు తాగుతున్నావు? ఏడిస్తేనే ఇస్తున్నాను. నీళ్ళు రెండు గ్లాసులు. బాలింత నీళ్ళు తాగితే పొట్ట వస్తుందని, బిడ్డకు జలుబు చేస్తుందని మా ఇంట్లో నమ్మకం. అదే ఇంట్లో, పాపం దాహం వేస్తుందేమోనని పిల్లకు మాత్రం ఉగ్గుగిన్నెతో చక్కెర నీళ్ళు పట్టారు. తాగాల్సిన మనిషికి ఆపి, తాగకూడని మనిషికి పోశామన్నమాట. ఈ వేసవిలో మీ ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ముందు సరిచేసుకోవాల్సింది ఈ తలకిందుల లెక్కే.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప నీళ్ళు అక్కర్లేదు, మే నెలలోనైనా సరే. తల్లిపాలలో వందకు 87 వంతుల దాకా నీరే. నీళ్ళు పడితే ఆ చిన్న పొట్ట నిండి పాలు తాగదు, పైగా విరేచనాల భయం. నీళ్ళు ఎక్కువైతే రక్తంలో ఉప్పు పలచబడి ఫిట్స్ కూడా రావచ్చు. చక్కెర నీళ్ళు, గ్లూకోజు, గ్రైప్ వాటర్, తేనె ఏదీ వద్దు. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దు. నీళ్ళు తాగినంత మాత్రాన తల్లికి పాలు పొంగిపోవు, పిల్ల లాగితేనే వస్తాయి. కానీ ఎండకు సొమ్మసిల్లిన తల్లి కూర్చుని పాలెలా ఇస్తుంది? పాలిచ్చే ప్రతిసారీ పక్కన ఓ చెంబు నీళ్ళో పల్చటి మజ్జిగో పెట్టుకోండి. మొదటి నెలలో రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు పట్టాలి. మూడు గంటలు దాటి నిద్రపోతుంటే అరికాలు గిల్లైనా లేపండి.

డబ్బా పాలు తప్పనివాళ్ళు, వేడిగా ఉందని ఒక గరిటె పొడి తగ్గించి పల్చగా కలపకండి. తాగగా మిగిలినవి గంట దాటితే పారబోయడమే.

బిడ్డకు సరిపోతోందో లేదో చూడటానికి గుడ్డలు లెక్కపెట్టడం అంత సులువైన పద్ధతి నాకు ఇంకోటి కనపడలేదు. ఐదో రోజు దాటాక 24 గంటల్లో కనీసం ఆరు గుడ్డలు తడవాలి. క్యాలెండర్ మీద గీతలు పెట్టుకున్నా చాలు, నేను రెండో పిల్లకు అలాగే చేశాను. ఇటుక రంగు మరక మొదటి రెండు మూడు రోజులు మామూలే, ఆ తర్వాత కనిపిస్తే మాత్రం అదే రోజు డాక్టరుకు చూపించాలి. మాడు లోపలికి గుంట పడినట్టున్నా, నోరు ఎండిపోయినా, పిల్ల తోటకూర కాడలా వేలాడిపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలి. రాకపోతే మీరే పిలిచి తూయించండి. పుట్టినప్పటి బరువు రెండు వారాలకల్లా తిరిగి రావాలి.

ఇక చుట్టడం గురించి. చలికాలం బిడ్డకు నేర్చుకున్న అలవాటు వేసవి బిడ్డకు పనికిరాదు. టోపీ, సాక్సులు, దుప్పటి, కింద ప్లాస్టిక్ షీటు, పైన దోమతెర, తలుపులు మూసిన గది, దానికి తోడు సాంబ్రాణి పొగ! చంటిపిల్లలకు పెద్దవాళ్ళలా చెమట పట్టి ఒళ్ళు చల్లబడే శక్తి ఇంకా రాదు. ఒక పొర పల్చటి నూలు జుబ్బా చాలు, పాత పంచె చింపి కుట్టినదైతే ఇంకా హాయి. పొట్ట మీదా పాదం మీదా చెయ్యి పెట్టి చూడండి. రెండూ ఒకేలా కాలుతుంటే బహుశా గది వేడి, గుడ్డలు తీసేసి గాలి తగలనిచ్చి పాలు పట్టాలి. పొట్ట కాలుతూ పాదాలు చల్లగా ఉంటే జబ్బు కావచ్చు. ఏదైనా సరే థర్మామీటరు చంకలో పెట్టండి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చినా, దాటినా ఇంటి వైద్యం లేదు, ఆసుపత్రే.

ఫ్యాను గాలి పిల్లకు పడదంటారు గానీ, ఉక్కపోతే అసలు పడదు. ఏసీ ఉంటే 26, 27 దగ్గర పెట్టి, గాలి నేరుగా మీద కొట్టకుండా చూసుకుంటే చాలు. కూలర్ వాడితే కిటికీ తెరిచి ఉంచాలి, నీళ్ళు రోజూ పారబోసి తొట్టి తుడవాలి. కరెంటు పోయే ఊళ్ళల్లో తడిపిన గోనెపట్టా కిటికీకి కడతారు, మంచిదే, గాలి ఆడేలా చూసుకుంటే. రేకుల ఇల్లయితే మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బిడ్డను డాబా ఉన్న పక్కింట్లో పడుకోబెట్టుకోవడానికి మొహమాటపడకండి.

నూనె రాసి నీళ్ళు పోయడం తెల్లవారుజామున పెట్టుకోండి. కొబ్బరినూనె పల్చగా, ముక్కులో చెవుల్లో చుక్కలు వేయకుండా. శనగపిండితో గట్టిగా నలుగు పెడితే ఆ లేత చర్మం మీద చెమటకాయలు ఇంకా రేగుతాయి. పౌడరు డబ్బా ముఖం దగ్గర దులపడం మానేస్తే మేలు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పుట్టిన బిడ్డకు కామెర్లని ఎండలో పడుకోబెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది కామెర్లకు వైద్యం కాదు, మే నెల ఎండ బిడ్డను మాడుస్తుంది. అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళి పరీక్ష చేయించాలి.

ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు ఎండ పేరు చెప్పి వాయిదా వేయకండి, పొద్దున్నే వెళ్ళి రండి. టీకా తర్వాత జ్వరానికి డాక్టరు చెబితే ఇచ్చే పారాసిటమాల్ విషయంలో ఒక్క మాట. డ్రాప్స్ వేరు, సిరప్ వేరు. డ్రాప్స్ చాలా చిక్కనివి. సిరప్ లెక్కన చెంచాతో డ్రాప్స్ పోస్తే మోతాదు ఎన్నో రెట్లు పెరిగిపోతుంది. సీసా డాక్టరుకు చూపించి, బరువును బట్టి ఎంత ఇవ్వాలో దాని మీదే రాయించుకోండి.

మూడో నెలలో బిడ్డను అత్తగారింటికి తీసుకెళ్ళే ముహూర్తం సరిగ్గా మే నెలలోనే పడుతుంది, ఏం చేస్తాం! బైకు మీద తువ్వాలు కప్పుకుని తీసుకెళ్ళడం మాత్రం వద్దు, తువ్వాలు లోపల ఊపిరాడదు. కారయితే టీ తాగడానికి దిగినప్పుడు రెండు నిమిషాలే కదా అని పిల్లను లోపల వదలకండి, అద్దాలు మూస్తే అది కాసేపట్లోనే కొలిమి అయిపోతుంది. ముహూర్తం తెల్లవారుజాముకి పెట్టమని అయ్యవారిని ముందే అడగండి. బిడ్డా తల్లీ ఆరింటికల్లా బయల్దేరిపోతే, సారె మోసుకుని మిగతావాళ్ళు తీరిగ్గా వెనకాల రావచ్చు.