చదివిన సైన్స్ ఫిక్షన్ నవలపై అభిప్రాయం రాసే పద్ధతి

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ నవలలపై అభిప్రాయం రాసేటప్పుడు కథంతా చెప్పేయకుండా, రచయిత కల్పించిన లోకం ఏ నియమాల మీద నడుస్తుందో, రచన వాటికి చివరిదాకా కట్టుబడిందో లేదో ముందుగా చెప్పాలి. ఉదాహరణకు, 1965లో వెలువడిన ఫ్రాంక్ హెర్బర్ట్ నవల ‘డ్యూన్’లో నీటికి కటకటలాడే ఎడారి గ్రహం ఉంది, అక్కడి నాయకుడొకడు కొత్తగా వచ్చిన ప్రభువు ఎదుట బల్ల మీద ఉమ్మివేయగానే సభలోనివారు ఆగ్రహంతో లేవబోతారు, కానీ ఒంట్లోని తడిని అలా సమర్పించడం ఆ జాతిలో గౌరవసూచకం. ఇలాంటి సన్నివేశం ఒక్కటి ఎత్తిచూపితే ‘అద్భుతమైన ఊహాశక్తి’ అన్న అరిగిపోయిన మాటతో (అది ఏ పుస్తకానికైనా అతుకుతుంది) పనే ఉండదు. మలుపులు వెల్లడించక తప్పకపోతే ముందే హెచ్చరించాలి. నచ్చనిదాన్ని కూడా, ఆసక్తి ఎక్కడ సడలిందో, ఎందుకు సడలిందో పేర్కొంటూ అంతే నిర్దిష్టంగా రాయాలి.