టీవీ చరిత్ర చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: బొమ్మ ఏ దారిన వచ్చింది?

ఒక ఛానల్ కథ చదివేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న పోయిన పాఠంలో చూశాం: ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఈసారి రెండోది. బొమ్మ ఇంటికి ఏ దారిన వస్తోంది? చాలామంది దీన్ని ఇంజినీర్ల గొడవ అని వదిలేస్తారు. నన్నడిగితే ఛానల్ బతుకు ఎక్కువగా తేలేది ఇక్కడే.

దారులు ముఖ్యంగా రెండు. టవర్ నుంచి నేరుగా ఇంటి యాంటెన్నాకి వచ్చేది ఒకటి. దీన్ని భూతల ప్రసారం అంటారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం మొదలయ్యాక మన ఇళ్లకు టీవీ వచ్చింది ఇలాగే. మేడ మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, కింద నుంచి ఇంకొకరు "ఆ, వచ్చింది, అక్కడే ఆపు!" అని అరిచేవాళ్లు. రెండో దారి ఉపగ్రహం నుంచి కేబుల్ ఆపరేటర్ డిష్‌కి, అక్కణ్నుంచి వైరు మీద ఇంటికి. డీటీహెచ్‌ని కూడా ఇందులోనే వేసుకోండి. మొదటి దారికి నెలనెలా చందా అక్కర్లేదు. అందుకే అప్పట్లో కేబుల్ వేయని పల్లెకి, చందా కట్టలేని ఇంటికి చేరేది అదే.

ఇప్పుడు బంగ్లాదేశ్ తీసుకుందాం. ఢాకాలో టీవీ 1964 డిసెంబర్ 25న మొదలైంది. అప్పటికది తూర్పు పాకిస్తాన్. 1971లో కొత్త దేశం ఏర్పడ్డాక అదే బంగ్లాదేశ్ టెలివిజన్, అంటే బీటీవీ అయింది. 1997లో ఏటీఎన్ బంగ్లా, 1999లో ఛానల్ ఐ వచ్చాయి. రెండూ ప్రైవేటువే, రెండూ ఉపగ్రహం దారినే. కేబుల్ లేని ఊళ్లో మాత్రం అప్పటికీ ప్రభుత్వ వార్తలే.

2000 ఏప్రిల్ 14న, బెంగాలీ సంవత్సరాది రోజున, ఇది మారింది. ఏకుషే టెలివిజన్‌తో ఒక ప్రైవేటు సంస్థకు మొదటిసారి టవర్ దారి దొరికింది. ఏకుషే అంటే ఇరవై ఒకటి. 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాష కోసం ఢాకాలో ప్రాణాలిచ్చినవాళ్ల గుర్తుగా పెట్టుకున్న పేరు. అక్కడివాళ్లు దీన్నీ ఈటీవీ అనే అంటారు. 1995లో మొదలైన మన ఈటీవీకీ దీనికీ సంబంధం లేదు, నోట్సులో కలిపేయకండి. ఏకుషేని నడిపించినవాళ్లలో సైమన్ డ్రింగ్ ఒకరు. 1971 మార్చిలో పాకిస్తాన్ సైన్యం ఢాకాలో చేసిన మారణకాండను బయటి ప్రపంచానికి తెలియజేసిన బ్రిటిష్ విలేకరి ఆయన.

2001 ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. లైసెన్సు ఇచ్చిన పద్ధతి సరిగా లేదంటూ వేసిన కేసులో కోర్టు ఆ లైసెన్సు చెల్లదంది. 2002 ఆగస్టు 29న ప్రసారం ఆగింది. 2007లో ఛానల్ మళ్లీ వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగండి. "2002లో మూత, 2007లో పునఃప్రారంభం" అని రాసుకుంటే తప్పేం లేదు కానీ అసలు సంగతి జారిపోతుంది. తిరిగొచ్చింది ఉపగ్రహం దారిన. పేరు అదే, చూసే ఇళ్లు వేరు. యాంటెన్నా ఒక్కటే ఉన్న ఇంటికి మళ్లీ బీటీవీ ఒక్కటే మిగిలింది. నాకు ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆ రెండేళ్లూ ఆ ఇళ్లకు ఇంకో గొంతు వినబడింది మరి.

మన దేశాన్నీ ఇదే ప్రశ్నతో చూడండి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి, వాటిపై ప్రభుత్వానికి గుత్తాధిపత్యం లేదని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ప్రైవేటు ఛానళ్లన్నీ ఉపగ్రహం, కేబుల్ దారినే పెరిగాయి. టవర్ దూరదర్శన్ దగ్గరే ఉండిపోయింది. వందల ఛానళ్లున్నాయన్న లెక్క ఒక్కటే చూస్తే ఇది కనబడదు.

అభ్యాసం: ఇంట్లో పెద్దవాళ్లని రెండే అడగండి. టీవీ ఏ ఏడు కొన్నారు? కేబుల్ ఏ ఏడు పెట్టించారు? ఆ మధ్య సంవత్సరాల్లో ఏ వార్తలు చూసేవాళ్లో రాసుకోండి. తర్వాత శ్రీలంకకు ఒక పట్టిక గీయండి: ఏడాది, యజమాని, దారి. అక్కడ 1979 ఏప్రిల్‌లో ఐటీఎన్ అనే టీవీ ఛానల్ ప్రైవేటుగా మొదలై, కొద్ది వారాల్లోనే ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1982లో రూపవాహిని అనే ఇంకో ఛానల్ వచ్చింది. ఆ పట్టిక దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠంలో లైసెన్సు కాగితాన్ని దానితోనే చదువుదాం.